ఆనకట్ట గోడలో ఊటనీరు

కడప జిల్లాలోని పోరుమామిళ్ళలో క్రీస్తుశకము 1369 నాటి సంస్కృత శాసనమొకటి కలదు. విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అచ్చట పెద్ద చెరువు కట్టించి, ఆ కట్టుబడి వివరములను రాతిపై చెక్కించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము ఆ పనికి పట్టినట్లు అందు చెప్పబడినది. దాత వంశమును, దానఫలమును కీర్తించి ఊరకుండుట శాసనముల సామాన్య ధర్మము. ఈ శాసనము మాత్రము అంతటితో నిలువక, మంచి చెరువునకు ఉండవలసిన 12 అంగములను, ఉండరాని 6 దోషములను వరుసగా లెక్కించినది. జలశాస్త్రము తెలిసినవాడు, గట్టినేల, దగ్గరలో మంచిరాతి గని మున్నగునవి అంగములు. దోషములలో మొట్టమొదటిది కట్టనుండి నీరు ఊరుట. మూడవది, చెరువు రెండు రాజ్యముల పొలిమేరయందుండుట. ఈ మూడవదాని ప్రసక్తి పిమ్మట రాగలదు. మొదటి దోషమే ఈ వ్యాసమునకు విషయము.

నీరు ఊరని గోడ ఈ భూమిపై లేదు. మట్టికట్ట ఊరును, రాతిగోడ ఊరును, చూపునకు నల్లరాతివలె కనబడు కాంక్రీటు కూడ ఎంతో కొంత ఊరును. కాబట్టి ఆనకట్టల చరిత్రను ఊటతో మనుష్యుడు జరిపిన సుదీర్ఘమైన వ్యవహారముగా చదువవచ్చును. ఆ వ్యవహారములో రెండు దశలు కలవు. తొలిదశలో మేస్త్రీలు, ఇంజనీర్లు నీటిని లోనికి రానీయకుండుటకే పాటుపడిరి. రెండవదశలో, ఎట్లును కొంత నీరు లోనికి వచ్చునని ఒప్పుకొని, అది ఏ దారిని పోవుచున్నది, పోవుచు గోడలోనిది ఏమి వెంటగొనిపోవుచున్నది అని విచారింప మొదలిడిరి. ఈ రెండవ విచారణ ఆలస్యముగా వచ్చినది. వచ్చుటకు ముందు కొన్ని ప్రాణములను బలిగొన్నది.

ముందుగా సున్నము సంగతి. మిద్దెలపై గచ్చు వేసిన రోజులు ఎరిగిన పెద్దలు మన కుటుంబములలో కొందరైనను ఉందురు. గుండ్రని కాలువవంటి గుంటలో సున్నము, ఇసుక పోసి, ఎద్దులచే రాతిచక్రమును త్రిప్పించి నూరించిన గానుగ సున్నమునకు కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చెడివారు. నీటి పట్టున ఉండు పనులకైనచో ఇసుకకు తోడు ఇటుకపొడి కలిపెడివారు. దానికే సుర్కీయని పేరు. ఎరుపను అర్థముగల పారశీక పదము నుండి వచ్చినది. ఇది కేవలము రంగు కొరకు కాదు. వట్టి సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి గట్టిపడును. దళసరి గోడ నడుమకు, నీటి అడుగునకు గాలి చేరదు. అచ్చట సున్నము ఏండ్ల తరబడి మెత్తగనే ఉండి, నీరు తగిలినపుడు కొద్దికొద్దిగా కరగిపోవును. కాల్చిన మట్టిలో ఉండు సిలికా సున్నముతో కలిసి, గాలితో పనిలేకయే, నీటి అడుగున సైతము, కరగని గట్టి పదార్థముగా మారును. రోమనులు నేపుల్సు నగర ప్రాంతమున దొరకు అగ్నిపర్వతపు బూడిదను ఇందులకే వాడిరి. 1756లో స్మీటన్ అను ఆంగ్లేయుడు సముద్రము నడుమ ఎడిస్టన్ దీపస్తంభమును కట్టబూనినపుడు మట్టిపాలుగల సున్నపురాయిని ఎన్నుకొని, ఇటలీనుండి ఆ బూడిదనే తెప్పించి కలిపెను. వారికి అగ్నిపర్వతము వండిపెట్టిన వస్తువును మనకు ఇటుకల ఆవము వండిపెట్టినది.

1847లో కాటన్ దొర ధవళేశ్వరమువద్ద గోదావరికి ఆనకట్ట పని ప్రారంభించి 1852 నాటికి ముగించెను. కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. సున్నముతో, రాతితో కట్టిన ఈ కట్టడములు మన డెల్టాల చరిత్రనే మార్చినవి. అయినను అవి పొట్టి కట్టడములు. వాని వెనుక నిలుచు నీటి లోతు తక్కువ. గోడలోని ఊటను గూర్చి అంతగా దిగులుపడ పనిలేదు. వాని భయమంతయు క్రింది ఇసుకతోడనే. ఎత్తు పెరిగినకొలది లెక్క వేరగును. నూటయేబది అడుగుల లోతున నీరు గోడపై ప్రతి చదరపు అడుగునకు నాలుగు టన్నులకు మించిన బలముతో ఒత్తును. అంతటి ఒత్తిడికి వెండ్రుకవాసి పగులు కూడ బాటయే.

అట్టి ఎత్తునకు మన దేశమున తొలినాళ్ళలోనే సాహసించిన కట్టడము పెరియారు ఆనకట్ట. నేడు ముల్లపెరియారని వ్యవహరింపబడుచున్నది. పడమటి సముద్రమునకు పోవు పెరియారు నీటిని కొండ తొలిచి తూర్పునకు మరల్చి, వైగై లోయలోని మధుర ప్రాంతపు మెట్టభూములను తడుపవలెనను సంకల్పముతో పెన్నీక్విక్ అను మిలిటరీ ఇంజనీరు 1887లో పని మొదలుపెట్టి, వరదలు తాత్కాలికపు కట్టలను కొట్టుకొనిపోయినను విడువక, 1895లో ముగించెను. గోడ ఎత్తు సుమారు 155 అడుగులు. ముందు వెనుకల ముఖములు రాతి కట్టుబడి. నడుమ అంతయు సున్నము, సుర్కీ, రాతిముక్కలు కలిపిన కాంక్రీటు. ఆ దట్టపు అడవిలో, మన్నెపు జ్వరముల నడుమ, మన మేస్త్రీలకు తెలిసిన వస్తువులతోనే అంతటి గోడ లేచినదన్న అబ్బురపడక తప్పదు.

అయితే అడవికొండలపై కురిసిన వాననీటిలో లవణములు స్వల్పము. అట్టి నీటికి సున్నమును కరగించుకొను శక్తి ఎక్కువ. సుర్కీ పట్టుకొనగా మిగిలిన సున్నమును ఊటనీరు ఏటేట కొంత కరగించి వెలికి తెచ్చును. వెలుపలి గాలి తగులగనే ఆ సున్నము మరల బొగ్గుపులుసు వాయువును కూడి, గోడ వెనుక తట్టున తెల్లని చారలుగా, గడ్డలుగా పేరుకొనును. పాత ఆనకట్టల వెనుక నిలిచి చూచినవారందరు ఈ చారలను చూచియే ఉందురు. చారలెంత తెల్లగ, దట్టముగ ఉండునో గోడ లోపల అంత గుల్ల యగుచున్నదని అర్థము.

ముల్లపెరియారు పూర్తియైన 1895వ సంవత్సరముననే ఫ్రాన్సు దేశమున ఎపినాల్ పట్టణ సమీపమున బూజే ఆనకట్ట కూలినది. అది కట్టి అప్పటికి పదునైదేండ్లు మాత్రమే. 1884లోనే పునాదిపై ముందుకు జరిగినందున దానిని బాగుచేసి బలపరచిరి. 1895 ఏప్రిల్ 27న పైభాగమంతయు ఒక్కమారుగా విరిగి పడగా 80 మందికి పైగా మరణించిరి. గోడ బరువు చాలినదని లెక్కలు చెప్పుచుండగా గోడ ఏల పడినది? కారణమును మోరీస్ లేవీ అను ఫ్రెంచి పండితుడు ఆ యేటనే వివరించెను. ముందు ముఖమున ఏర్పడిన పగులులోనికి నీరు చొరబడినపుడు అది గోడను వెనుకకు త్రోయుటతో ఊరకుండదు. క్రిందినుండి పైకి ఎత్తును. ఎత్తినకొలది పగులు విచ్చును. విచ్చినకొలది మరింత నీరు చొచ్చి మరింత ఎత్తును. ఈ ఊర్ధ్వపీడనమును లెక్కలోనికి తీసికొనక కట్టిన గోడ, చూచుటకు ఎంత లావుగ ఉన్నను, నీటిలో మునిగిన మనిషివలె తన బరువులో కొంత పోగొట్టుకొన్నదే.

దీనికి మందు ఇదివరకే ఒకచోట ప్రయోగింపబడియున్నది. లివర్పూలు నగరపు మంచినీటికై వేల్సు దేశమున 1880 దశకములో కట్టిన వర్న్వీ ఆనకట్టలో, పునాదినుండి ఊరిన నీరు ఒత్తిడి చేయక బయటికి జారిపోవుటకు గోడ లోపలనే కాలువలు విడిచిరి. బూజే పతనము తరువాత ఈ పద్ధతి క్రమముగా లోకమంతట వ్యాపించినది. గోడ ముందు ముఖమునకు సమీపమున, లోపల, పొడవునా ఒక సొరంగమువంటి నడవ విడుతురు. పైనుండి, పునాదినుండి సన్నని నిలువు రంధ్రములు దానిలోనికి తెరచుకొనును. ముందు ముఖమును దాటి వచ్చిన నీరు, గోడ నడుమకు పోకమునుపే, ఆ రంధ్రములలో పడి, నడవలోని కాలువను చేరి, వెలికి పోవును. ఇట్టి గ్యాలరీలో మొదటిమారు నడచినవారు ప్రక్కన నీరు గలగల పారుచుండుట చూచి కంగారుపడుదురు. ఇంజనీరునకు ఆ చప్పుడు ఊరట. నిత్యము పారు రంధ్రము హఠాత్తుగా ఎండిపోయినను, పారు నీరు మబ్బుగట్టినను అతనికి నిదుర పట్టదు. ఎండినచో రంధ్రము పూడినది, లోపల ఒత్తిడి పెరుగుచున్నది. మబ్బుగట్టినచో లోపలి పదార్థము కొట్టుకొని వచ్చుచున్నది.

ముల్లపెరియారునకు ఆ నడవ లేదు. దాని నమూనా ఈ జ్ఞానము స్థిరపడకమునుపే తయారైనది. ఇందు పెన్నీక్విక్‌ను నిందించుట న్యాయము కాదు.

పునాది అడుగున నీరు చేయు పనిని గూర్చి లోకమునకు పాఠము చెప్పినవారిలో మనవారు కలరు. 1898లో గంగానదిపై నరోరా ఆనకట్ట అడుగు ఇసుక ఊటచే చెదరి దెబ్బతిన్నది. ఇట్టి అనుభవములను, పంజాబు కాలువలపై తీసిన కొలతలను గణితమున పొదిగి, అజుధ్యానాథ ఖోస్లా తన సహచరులతో కలిసి 1936లో ప్రకటించిన గ్రంథము, ఇసుక నేలలపై కట్టు బ్యారేజీలకు నేటికిని ఆధారము. ఆయనయే 1945లో, నేటి కేంద్ర జలసంఘమునకు పూర్వరూపమైన సంస్థకు తొలి అధ్యక్షుడయ్యెను. స్వాతంత్ర్యానంతరము ఆ సంస్థలో ఆనకట్టల రూపకల్పన సాగించిన ప్రముఖులలో మన కానూరి లక్ష్మణరావుగారు ఒకరు. మన సభ్యులలో పలువురు ఆ కార్యాలయముల నీడననే ఉద్యోగము చేయుచున్నందున ఈ మాట చెప్పవలసినదైనది.

ఇక సిమెంటు. ఇంగ్లండులో 1824లో పేటెంటు పొందిన పోర్ట్‌లాండు సిమెంటు మన దేశమున 1904లో మద్రాసులో తయారుచేయబడినను ఆ యత్నము నిలువలేదు; 1914 నుండి పోరుబందరులో ఉత్పత్తి స్థిరపడినది. 1911లో విశ్వేశ్వరయ్యగారు కృష్ణరాజసాగర నిర్మాణమునకు పూనుకొనునాటికి సిమెంటు పరదేశపు సరకు. ఆ గోడ సుర్కీ సున్నముతోనే లేచినది. 1945లో శంకుస్థాపన జరిగి 1953లో నీరు విడిచిన తుంగభద్రలో కూడ సుర్కీ చోటుచేసికొన్నది. ఆ వెనుక సిమెంటు యుగమే. సిమెంటు వచ్చినది కదా, ఇక ఊట బాధ తీరినదని ఎవరైన తలచియుండినచో అది వట్టి ఆశ. సిమెంటు గట్టిపడునపుడు తనలోనుండి సున్నమును విడుదల చేయును. గట్టిపడిన ముద్దలో సుమారు ఐదవవంతు ఇట్టి విడిసున్నమే. మెత్తని కొండనీరు దానిని కూడ విడువదు.

సిమెంటుతో క్రొత్త చిక్కు మరియొకటి వచ్చినది. అది గట్టిపడునపుడు వేడిపుట్టును. దళసరి గోడ లోపలి వేడి ఏండ్ల తరబడి చల్లారదు. చల్లారునపుడు గోడ ముడుచుకొని పగులును. అమెరికాలో 1930 దశకమున హూవరు ఆనకట్ట కట్టినపుడు కాంక్రీటులో సన్నని గొట్టములు పొదిగి చల్లని నీటిని ప్రవహింపజేసిరి. గోడను దిమ్మెలుగా విడదీసి పోసి, దిమ్మెల అతుకులయందు నీరు దాటకుండ రాగి రేకులు అమర్చు పద్ధతియు స్థిరపడినది. ఈ వేడిని తగ్గించుటకు, విడిసున్నమును పట్టుటకు, రెంటికిని పనికివచ్చు మందొకటి కలదు: సిమెంటులో కొంత భాగము తగ్గించి కాల్చిన మట్టిపొడిని చేర్చుట. 1955 నవంబరులో కాంక్రీటు పని మొదలై 1963లో జాతికి అంకితమైన భాక్రాలో ఆ పొడిని వాడిరి. ఎత్తు 226 మీటర్లు, అమెరికను యంత్రములు, అమెరికను నిపుణుడు స్లోకమ్ పర్యవేక్షణ. అంతటి ఆధునిక కట్టడములోనికి మన పాత సుర్కీ వెనుక గుమ్మమునుండి మరల ప్రవేశించినది! నేడు విద్యుత్కేంద్రముల బొగ్గుబూడిద దాని స్థానమును చాలవరకు ఆక్రమించినది.

సున్నము కరగుట ఒక తెగులు. కంకర ఉబ్బుట మరియొక తెగులు. కొన్ని జాతుల రాళ్ళలోని సిలికా సిమెంటులోని క్షారములతో కలిసి, తడి తగిలినపుడల్ల ఉబ్బు జిగురుగా మారునని 1940లో కాలిఫోర్నియాలో స్టాంటన్ కనుగొనెను. 1957లో నెహ్రూ ప్రారంభించిన హీరాకుడు ఆనకట్టలోను, 1962 నాటి రిహండులోను తరువాతి కాలమున ఈ తెగులు బయటపడినది. లోపలనుండి ఉబ్బు కాంక్రీటును పైపూత ఆపజాలదు. తడిని తగ్గించి తెగులును మందగింపజేయుటయే సాధ్యము.

పైపూతల ప్రసక్తి వచ్చినది గనుక ఒక్క మాట. సిమెంటు పాలు, తారు, చిమ్ము గార, ఎపాక్సీ బంక, ఇట్లు ఎన్నియో పూతలు ఆనకట్టలపై ప్రయోగింపబడినవి. ఎగువ ముఖమున, నీరు తగులు వైపున, వేసిన పూత కొంతకాలము మేలు చేయును. దిగువ ముఖమున చెమ్మ కనబడుచున్నదని అచ్చట గార పూసి మూయుట మాత్రము కీడు. లోనికి వచ్చిన నీటికి పోవు దారి మూసికొనిపోయి, గోడ నడుమ ఒత్తిడి పెరుగును. కనబడు జబ్బు కనబడని జబ్బగును. ప్రభుత్వపు క్వార్టర్లలో కాపురముండి, ప్రతి వర్షర్తువునకు పిమ్మట లోపలి గోడ చెమ్మపై క్రొత్త రంగు పూయించుకొని, మరుసటి యేట ఆ రంగు పొక్కులై రాలుట చూచిన సోదరీమణులకు ఈ శాస్త్రము వేరుగ బోధింప పనిలేదు.

మన నాగార్జునసాగరమును తలపక ఈ ప్రసంగము సాగదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్ట 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ చేతులమీదుగా నీటిని విడిచినది. 124 మీటర్ల ఎత్తున కాంక్రీటుకు బదులు రాతి కట్టుబడిని ఎన్నుకొనుటకు కారణము, యంత్రములు, విదేశీ ద్రవ్యము కొరవడిన దేశమున పనిచేయు చేతులు సమృద్ధిగా ఉండుటయే. వేలకొలది స్త్రీపురుషులు తలపై రాళ్ళు, గమేళాలలో గార మోసికొని నిచ్చెనబాటల వెంట ఎక్కిరి. రాతి కట్టుబడికి ఊట విషయమున ఒక బలహీనత కలదు. రాయి ఊరదు, రాళ్ళ నడుమ గార ఊరును. ఏ అతుకు చాలినంత నిండలేదో ఆ అతుకే నీటికి దారి. కావున అట్టి గోడలలో ఎగువ ముఖపు అతుకులను చిక్కని గారతో నింపుట, లోపలి నడవను, ఊటరంధ్రములను శుభ్రముగా ఉంచుట ప్రాణాధారములు. ఒక్కొక్క రాతి అతుకును చెయ్యి దూర్చి నింపిన ఆ పనివారి శ్రద్ధపైననే అంతటి జలరాశి నిలిచియున్నదని తలచుకొన్నపుడు, శిలాఫలకములపై చోటు దక్కించుకొన్న పేర్లు చాల తక్కువగ తోచును.

పాతబడిన గోడలకు చికిత్స వేరు. గోడలోనికి రంధ్రములు తొలిచి, ఒత్తిడితో సిమెంటు పాలు ఎక్కించి లోపలి గుల్లలను పూడ్చుట అన్నింటికంటె పాతది. ముల్లపెరియారునకు 1930 దశకపు తొలినాళ్ళలో ఒకమారు, 1960 ప్రాంతమున మరియొకమారు ఈ చికిత్స జరిగినది. 1967 డిసెంబరు 11న తెల్లవారుజామున సంభవించిన భూకంపమునకు మహారాష్ట్రములోని కొయనా ఆనకట్ట అడ్డముగా పగిలినపుడు, పగుళ్ళలోనికి ఎపాక్సీ బంక ఎక్కించి, ఉక్కు తీగలతో బిగించి, పిమ్మట వెనుక ఆపుగోడలు కట్టిరి. కోయంబత్తూరు జిల్లాలోని కడంపారై ఆనకట్ట రాతి అతుకులనుండి నిమిషమునకు వేలకొలది లీటర్లు కారుచుండగా, 2005లో దాని ఎగువ ముఖమంతట పీవీసీ పొర కప్పిరి. మన దేశమున పెద్ద ఆనకట్టకు ఇట్టి తొడుగు అదియే మొదటిది. కారుడు బహు స్వల్పమునకు దిగినది. ఆ పొరను గోడకు అంటించి ఊరకుండలేదు. పొరకును గోడకును నడుమ సందు విడిచి, ఎక్కడైన నీరు చొచ్చినచో అది జారి అడుగునుండి బయటపడు ఏర్పాటు చేసిరి. ఇరువదియొకటవ శతాబ్దపు ప్లాస్టిక్కు వెనుక కూడ వర్న్వీ కాలువయే ఉన్నది.

ఇక పోరుమామిళ్ళ శాసనపు మూడవ దోషము. ముల్లపెరియారు ఆనకట్ట ఉన్న నేల 1886 నాటి ఒప్పందముతో తిరువాన్కూరు సంస్థానము 999 ఏండ్లకు కౌలుకిచ్చినది. నేడు ఆ నేల కేరళది. ఆనకట్ట నిర్వహణ, నీటి అనుభవము తమిళనాడువి. రెండు దోషములు ఒక్కచోట కూడినవి. ఊటను గూర్చిన ప్రతి కొలతయు ఒక ప్రక్క దిగువ లోయలో నివసించువారి ప్రాణభీతిగను, మరియొక ప్రక్క మధుర, తేని రైతుల పంటగను మారినది. 1979లో కేంద్ర జలసంఘము నీటిమట్టమును 136 అడుగులకు తగ్గింపజేసి మూడు పనులు చెప్పెను: పైన బరువైన కాంక్రీటు టోపీ, గోడనుండి పునాది రాతిలోనికి దిగగొట్టిన ఉక్కు త్రాళ్ళు, వెనుక ఆనింపుగా క్రొత్త కాంక్రీటు గోడ. ఆ వెనుక గోడతోపాటు, తొంబదేండ్ల ఆలస్యముగా, ముల్లపెరియారునకు ఊటనీటి నడవ కూడ సమకూడినది.

వివాదము తీరలేదు. 2006లో సుప్రీముకోర్టు మట్టమును 142 అడుగుల వరకు అనుమతించగా కేరళ శాసనసభ అడ్డు చట్టము చేసినది. జస్టిస్ ఆనంద్ అధ్యక్షతన నియమింపబడిన సంఘము కేంద్ర పరిశోధనాసంస్థల నిపుణులచే గోడను, పునాదిని పరీక్షింపజేసి 2012లో నివేదిక సమర్పించెను. 2014 మే 7న రాజ్యాంగ ధర్మాసనము 142 అడుగులను స్థిరపరచి, పర్యవేక్షణ సంఘమును ఏర్పరచినది. 2021 చివర అమలులోనికి వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టము, ఒక రాష్ట్రపు నేలపై ఉండి మరియొక రాష్ట్రపు చేతిలో నున్న ఆనకట్టల తనిఖీని జాతీయ సంస్థకు అప్పగించినది. దేశమున నూరేండ్లు దాటిన పెద్ద ఆనకట్టలు రెండువందలకు పైగా కలవు. 2012 నుండి 2021 వరకు సాగిన మరమ్మతు పథకమున రెండువందలకు పైబడిన ఆనకట్టలకు పనులు జరిగినవి. వానిలో హెచ్చుభాగము ఊటకు సంబంధించినవే యనిన ఆశ్చర్యము లేదు.

ముల్లపెరియారు విషయమున క్రొత్త ఆనకట్ట కట్టవలెనని కేరళ, ఉన్నదానిని బలపరచిన చాలునని తమిళనాడు నేటికిని వాదించుచున్నవి. ఆ వాదములో దిగుట ఈ వ్యాసకర్త ఉద్దేశము కాదు. కేంద్రాధికారి అధ్యక్షతన ఇరు రాష్ట్రముల ప్రతినిధులు ఆనకట్టను సందర్శించినపుడు తప్పక చూచువానిలో ఆ వెనుక గోడలోని నడవ ఒకటి. అచ్చట కాలువ చివర, 'వి' ఆకారపు గండిగల రేకు దాటి జారు నీటి ఎత్తును చూచి, నిమిషమునకు ఎన్ని లీటర్లో లెక్కగట్టి వ్రాసికొందురు.